సెకనుకు రెండు ఊపులు: హనుమకొండలో ఒక చెల్లో, పియానో కచేరీకి సౌండ్ చేసిన కేస్ స్టడీ

ఈ కచేరీ మొదటి సగమంతా నా స్పీకర్లు ఆఫ్‌లోనే ఉన్నాయి. అయినా నా పనిలో అంత కష్టపడ్డ రోజులు చాలా తక్కువ. ఆ రోజు పొద్దున తొమ్మిది నుంచి రాత్రి పది దాకా ఏం చేశామో, ఎక్కడ పొరపాటు చేశానో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. మన వరంగల్, కరీంనగర్ వైపు ఇలాంటి కచేరీ ఇంకెవరైనా పెడితే అక్కడ సౌండ్ చూసేవాళ్లకు ఉపయోగపడాలని నా కోరిక.

హనుమకొండలో ఇరవై రెండేళ్లుగా సౌండ్ పని చేస్తున్నాను. పెళ్లిళ్లు, సభలు, కాలేజీ డేలు, బతుకమ్మ, ఒగ్గు కథ, పేరిణి, అప్పుడప్పుడు కర్ణాటక కచేరీలు. ఎక్కడికెళ్లినా జనం అడిగేది ఒకటే, "అన్నా, జర పెంచు" అని. ఈ కచేరీ కళాకారులిద్దరూ, చెల్లో (వయొలిన్ జాతిదే, కూర్చుని కమానుతో వాయించే పెద్ద వాద్యం) వాయించే ఆమె, పియానో వాయించే ఆయన, మొదటి ఫోన్‌లోనే వేరే ప్రశ్న అడిగారు. "హాల్లో ఎవరూ వాయించనప్పుడు ఏమేం చప్పుళ్లు వినిపిస్తాయి?" నా దగ్గర జవాబు లేదు. ఆ హాల్లో యాభై కార్యక్రమాలు చేసి ఉంటాను, ఒక్కసారి కూడా ఊరికే కూర్చుని వినలేదు. మరుసటి రోజు వెళ్లి, ఫ్యాన్లు, ఏసీ అన్నీ బంద్ చేయించి, పది నిమిషాలు విన్నాను. చాలా చప్పుళ్లే ఉన్నాయి. వాటిలో అసలైనది మాత్రం ఆ రోజు నాకు దొరకలేదు. ఎందుకు దొరకలేదో తర్వాత చెప్తాను.

కార్యక్రమం ఇది. మొదటి సగం క్లాసికల్: బాఖ్ రాసిన మొదటి చెల్లో సూట్‌లోని (చిన్న రచనల వరుస) ప్రెల్యూడ్, అంటే ఆరంభ భాగం, దాని తర్వాత దెబుస్సీ 1915లో రాసిన చెల్లో, పియానో సొనాటా. రెండో సగం జాజ్ వైపు: గెర్ష్విన్ 1926 నాటి మూడు పియానో ప్రెల్యూడ్లలో రెండోది, చెల్లోకు మార్చి రాసుకున్నది. ఆపైన నికొలాయ్ కపుస్తిన్ రచనలు రెండు, ఎలిజీ, నియర్లీ వాల్ట్జ్. చివర పన్నెండు బార్ల బ్లూస్, అంటే జాజ్‌కు మూలమైన అమెరికా నల్లజాతి వాళ్ల పాట పద్ధతి. బార్ అంటే తాళంలో ఒక చుట్టు, బ్లూస్‌లో నాలుగు దెబ్బలు. కపుస్తిన్ గురించి ఒక మాట చెప్పాలి. ఉక్రెయిన్‌లో 1937లో పుట్టి 2020లో మాస్కోలో చనిపోయిన ఈయన సంగీతం వింటే అచ్చం జాజ్ వాళ్లు అప్పటికప్పుడు అల్లుకున్నట్టే ఉంటుంది. కానీ ప్రతి స్వరమూ కాగితం మీద రాసిపెట్టిందే. మన భాషలో చెప్పాలంటే మనోధర్మంలా వినిపించే కృతి. చివరి బ్లూస్ మాత్రం నిజంగానే మనోధర్మం. అది ఎంతసేపు సాగుతుందో వాళ్లకే ముందు తెలియదు.

సౌండ్ మనిషికి చిక్కు ఇక్కడే వస్తుంది. బాఖ్‌కు హాలు మోత కావాలి. ఒక్క వాద్యమే వాయిస్తున్నా నాలుగు గొంతులు పాడుతున్నట్టు అనిపించాలంటే, పోయిన స్వరం గాలిలో కొంచెంసేపు నిలబడాలి. జాజ్‌కు ఆ మోతే అడ్డం. స్వరం ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు ఆగిందో తేటగా వినబడకపోతే ఆ ఊపు రాదు. హాలు ఒకటే. మధ్యలో ఉన్నది పదిహేను నిమిషాల విరామం.

ఏసీ, పియానో

గ్రాండ్ పియానో మాకు ఇక్కడ అద్దెకు దొరకలేదు. హైదరాబాద్ నుంచి ఒక బేబీ గ్రాండ్ తెప్పించారు. 145 కిలోమీటర్ల దారి. కాళ్లు, పెడళ్లు విప్పి, పక్కవాటుగా నిలబెట్టి, దుప్పట్లు చుట్టి డీసీఎంలో తెచ్చారు. దాంతో పాటు దాన్ని శ్రుతి చేసే ట్యూనర్ కూడా వచ్చారు, అరవై దాటిన పెద్దాయన. లారీ దిగగానే ఆయన అడిగింది పియానో గురించి కాదు. "ఏసీ ఎప్పుడు వేస్తారు?" అన్నారు.

హాలు వాళ్ల లెక్క ప్రకారం ఏసీ గంటలెక్కన అద్దె. నిర్వాహకులు కచేరీకి అరగంట ముందు వేయించాలనుకున్నారు. ఆయన ఒప్పుకోలేదు. కారణం నాకు ఓపికగా చెప్పారు. పియానోలో దాదాపు 230 తీగలుంటాయి. అన్నీ కలిపి ఫ్రేమ్ మీద వేసే లాగుడు ఇరవై టన్నుల దాకా ఉంటుంది. తీగలు ఉక్కువి, చల్లగాలి తగిలితే నిమిషాల్లో బిగుసుకుని శ్రుతి పైకి పోతుంది. వాటి కింద ఉండి మోగే పలక, సౌండ్‌బోర్డు, చెక్కది. వానాకాలం తేమకు ఉబ్బి ఉంటుంది, ఏసీలో మెల్లగా ఆరుతూ తగ్గుతుంది, అప్పుడు శ్రుతి కిందికి దిగుతుంది. పైగా స్టేజి లైట్ల వేడి. ఉక్కపోతలో శ్రుతి చేసి, చల్లబడ్డ హాల్లో వాయిస్తే, చేసిన శ్రమంతా వృథా. అన్ని స్వరాలూ ఒకే లెక్కన కదిలితే చెల్లో ఆమె తన తీగలు దానికి కలుపుకోవచ్చు. కానీ పియానో అలా కదలదు, మధ్య సప్తకం ఒకలా, చివరలు ఇంకోలా కదులుతాయి.

ఏసీ పొద్దున పది నుంచి నడపాలంటే డబ్బు ఎక్కడిది? నిర్వాహకులతో కూర్చుని నా బిల్లు తీశాను. నాలుగు టాప్ బాక్సులు, రెండు సబ్ వూఫర్లు రాసి ఉన్నాయి. సబ్ వూఫర్లు తీసేశాను, టాప్ బాక్సులు రెండుకు తగ్గించాను, వాటికి సరిపడా ఆంప్లిఫయర్లు, ఒక హెల్పర్ కూలి తగ్గాయి. ఆ డబ్బు ఏసీకి పోయింది. నా సంపాదన ఆ మేరకు తగ్గింది కానీ, ఇలాంటి కచేరీలో పెట్టుబడి పెట్టాల్సింది గాలి మీదే అని నాకు ఇప్పుడు గట్టి నమ్మకం.

చెల్లో ఆమె పదకొండింటికి వచ్చారు. పెట్టె తెరిచి, వాద్యాన్ని ముట్టుకోకుండా అరగంట అలాగే ఉంచారు. బయటి తేమలోంచి చల్లటి పొడిగాలిలోకి వస్తే శ్రుతి బిరడాల చెక్క కొంచెం కుంచించుకుని పట్టు వదులుతుందట. మేం చూస్తుండగానే ఒక బిరడా టక్కున జారి తీగ వదులైపోయింది. ఆమె కంగారు పడలేదు. బిరడాను లోపలికి నొక్కుతూ మెల్లగా తిప్పి మళ్లీ బిగించుకున్నారు. "ఇప్పుడు జారితే నయం, సాయంత్రం జారకూడదు" అన్నారు.

వవ్, వవ్, వవ్

రిహార్సల్ మొదలైంది. బాఖ్ ప్రెల్యూడ్ జి మేజర్‌లో ఉంటుంది. మొదటి స్వరమే చెల్లో మూడో తీగ, జి తీగ, వేళ్లు పెట్టకుండా విడిగా మోగేది. ప్రతి బారులో దాని చుట్టూనే తిరుగుతూ మొదటి వరుసలన్నీ సాగుతాయి. ఆమె నాలుగు బార్లు వాయించి ఆపారు. మళ్లీ ఆ ఒక్క తీగనే, కమాను చివరి నుంచి చివరి దాకా, మెల్లగా లాగారు.

"విన్నారా?"

విన్నాను. స్వరం నిలకడగా లేదు. వవ్, వవ్, వవ్ అని ఊగుతోంది. సెకనుకు రెండుసార్లు, గడియారం పెట్టి కొలిచినట్టు.

చెల్లోలో వుల్ఫ్ నోట్ అని ఒకటుంటుంది. పెట్టె సొంత కంపనం, తీగ కంపనం ఢీకొని స్వరం గుర్రుమంటూ తడబడుతుంది. అదేనేమో అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపారు. తన వాద్యంలో అది ఇంకా పైన, ఎఫ్ అనే స్వరం దగ్గర ఉంటుందట. విడి జి తీగ మీద ఎప్పుడూ రాలేదట.

అయితే ఇది నా లైన్లో హమ్మింగే అనుకున్నాను. సౌండ్ పని చేసేవాడికి మొదట వచ్చే అనుమానం ఎర్తింగ్ మీదే. కేబుళ్లు మార్చాను. వీడియో వాళ్లకిచ్చిన లైన్ పీకేశాను. లైన్‌ను మిక్సర్‌కు కలిపే డీఐ బాక్సులో గ్రౌండ్ లిఫ్ట్ చేశాను, అంటే ఎర్త్ కలయిక తీసేశాను. లైట్ల లైన్, సౌండ్ లైన్ వేరే ఫేజులకు మార్పించాను. ముప్పావుగంట గడిచింది. ఊపు అలాగే ఉంది. చివరికి ఆమే నెమ్మదిగా అన్నారు, "మీ మిక్సర్ మొత్తం ఆఫ్ చేసి చూద్దామా?"

ఆఫ్ చేశాను. ఆంప్లిఫయర్లు ఆఫ్ చేశాను. ఆమె తీగ లాగారు. వవ్, వవ్, వవ్.

నేను చేయాల్సిన మొదటి పరీక్ష అది. ముప్పావుగంట ముందే చేసి ఉండాల్సింది. ఈ కేసులో నా పెద్ద తప్పు ఇదే. చప్పుడు అనగానే నా పెట్టెల్లోనే వెతుక్కున్నాను, హాల్లో వినలేదు.

ఫోన్‌లో స్పెక్ట్రమ్, అంటే ఏ స్థాయి శబ్దం ఎంతుందో గీతలుగా, చూపించే యాప్ ఉంటుంది, అది తెరిచాను. నిశ్శబ్దంగా ఉన్న హాల్లో 100 హెర్ట్జ్ (సెకనుకు 100 కంపనాలు) దగ్గర ఒక సన్నని గీత నిలబడి ఉంది. దాని పక్కన 200, 300 దగ్గర చిన్నవి. అప్పుడు లెక్క అందింది. పియానోను ఎ స్వరం 440 హెర్ట్జ్ ఉండేలా శ్రుతి చేసి ఉంది. ఆ లెక్కన చెల్లో విడి జి తీగ 98 హెర్ట్జ్. హాల్లో ఎక్కడో ఏదో 100 హెర్ట్జ్‌లో మోగుతోంది. తేడా రెండు. రెండు తంబురా తీగలు కొంచెం తేడాగా ఉంటే గాలిలో ఊపు వచ్చినట్టే, ఇక్కడా సెకనుకు సరిగ్గా రెండు ఊపులు.

మన కరెంటు 50 హెర్ట్జ్. అయస్కాంతం మాత్రం కరెంటు ఇటు పోయినా అటు పోయినా ఇనుమును లాగుతుంది కాబట్టి సెకనుకు 100 సార్లు లాగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్లు, పాత ట్యూబ్‌లైటు చోక్‌లు గుయ్యిమనేది అందుకే. స్టేజి మీద చెవి పెట్టి వెతుకుతూ పోయాను. ఎడమ వింగ్‌లో, అంటే స్టేజి పక్క చాటులో, మెట్ల పక్కన, ప్లైవుడ్ పార్టిషన్‌కు ఒక పాత ట్యూబ్‌లైటు పట్టీ బిగించి ఉంది. కింద నిలబడితే చప్పుడు పెద్దగా లేదు. ప్లైవుడ్‌కు చెంప ఆనించాను. చెంప వణికింది. ఆ గుయ్యిమనేది పలకలోంచి దవడలోకి వచ్చింది.

చోక్ చిన్నదే, అరచేతిలో పట్టేంత. కానీ దాన్ని ఎనిమిదడుగుల పలకకు స్క్రూలతో బిగించారు. చెల్లోలో బ్రిడ్జి, అంటే తీగల కింది చెక్క ముక్క, చేసే పనే ఇక్కడ ఆ స్క్రూలు చేస్తున్నాయి. తీగ వణుకును బ్రిడ్జి చెక్కపెట్టెకు అందిస్తే పెట్టె మోగుతుంది. చోక్ వణుకును స్క్రూలు పార్టిషన్‌కు అందిస్తే పార్టిషన్ మోగుతోంది. మొదటి రోజు నేను విన్నప్పుడు ఇది దొరకకపోవడానికి కారణం కూడా తెలిసింది. ఆ రోజు స్టేజి లైట్లేవీ వేయలేదు.

హాలు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఆ లైటు ఆర్పమన్నాను. "గది బంద్ చేస్తే మెట్ల కాడ చీకటైతది సార్. ఆర్టిస్టులు జారి పడ్తరు" అన్నాడు. ఆయన మాట నిజమే. బ్యాటరీతో నడిచే చిన్న ఎల్ఈడీ లైటు ఒకటి తెచ్చి మెట్ల పక్కన కట్టాం. అప్పుడు స్విచ్ ఆపాడు.

ఆమె మళ్లీ తీగ లాగారు. స్వరం గీత గీసినట్టు, ఏ వణుకూ లేకుండా హాలు చివరి దాకా పోయింది. పియానో దగ్గర కూర్చున్న ట్యూనర్ పెద్దాయన తల పైకెత్తి చూశారు. ఆయన పొద్దుటి నుంచి మధ్య సప్తకంలో ఏదో కుదరడం లేదని రెండుసార్లు వెనక్కి వెళ్లి వెళ్లి చూసుకుంటున్నారు. కారణం అదే కావచ్చు.

ఆ తర్వాత ఎలక్ట్రీషియన్, నేను కలిసి హాలంతా తిరిగాం. గ్రీన్‌రూమ్‌లో, బాల్కనీ కింద ఇంకా ఆరు చోక్‌లు దొరికాయి. అన్నీ ఆర్పించాం. స్టేజి లైట్లకు డిమ్మర్ వాడొద్దని లైటింగ్ వాళ్లకు చెప్పాను. డిమ్మర్ సగానికి తగ్గిస్తే బల్బు ఫిలమెంటే పాడటం మొదలెడుతుంది. వేస్తే పూర్తిగా, లేదంటే పూర్తిగా ఆర్పేయాలి. ఫ్యాన్లన్నీ బంద్. ఏసీ మాత్రం కచేరీ మొదలయ్యే ముందు దాకా గట్టిగా నడిపి, తర్వాత ఫ్యాన్ స్పీడు తగ్గించాం.

ఎక్కడ కూర్చోవాలి

చెల్లో కిందనుండే ఇనుప ముల్లు నేలకు గుచ్చి వాయిస్తారు. స్టేజి డెక్కు బోలుగా ఉంటే అది కూడా ఒక పెట్టెలా మోగుతుంది. మొదట కూర్చున్న చోట కింది తీగ, 65 హెర్ట్జ్‌ది, బొయ్యిమని ఉబ్బిపోయింది. నేను ఈక్వలైజర్ (ఏ స్థాయి స్వరాలు ఎంత వినబడాలో మార్చే నాబులు) గురించి ఆలోచిస్తుంటే ఆమె లేచి, ముల్లుతో డెక్కును అక్కడక్కడ పొడుస్తూ నడిచారు. ఒకచోట టప్పుమని బోలు శబ్దం, ఒకచోట టక్కుమని గట్టి శబ్దం. గట్టిగా ఉన్నచోట కింద దూలం ఉంది. అడుగున్నర ముందుకు, కొంచెం కుడికి. కుర్చీ అక్కడికి మార్చగానే ఉబ్బు పోయింది. ఎర్ర కార్పెట్ ఆ మేరకు మడత పెట్టించాం. నేను ఏ నాబూ తిప్పలేదు.

పియానో మూతను ఎత్తి నిలబెట్టడానికి రెండు కర్రలుంటాయి, పొడుగుది, పొట్టిది. మూత ఎంత తెరిస్తే పియానో అంత గట్టిగా వినబడుతుంది. చెల్లో పాట ఎక్కువగా నడిచే చోటే పియానో మధ్య స్వరాలు కూడా దట్టంగా ఉంటాయి, అందుకే పియానో కొంచెం ఎక్కువైనా చెల్లో వినిపించకుండా పోతుంది. దెబుస్సీ తన సొనాటాకు రాసిన సూచనలోనే పియానో వాయించేవారు చెల్లోతో పోట్లాడకూడదని, దానికి తోడు నడవాలని చెప్పాడు. మొదటి సగానికి పొట్టి కర్ర. రెండో సగంలో చెల్లోకు కొద్దిగా మైకు సాయం ఉంటుంది కాబట్టి పొడుగు కర్ర. ఇది వాళ్లిద్దరి నిర్ణయం, నాకు నచ్చింది కూడా.

కొత్తవాడ జంపఖానాలు

వెనక గోడ నా రెండో సమస్య. చదునైన సిమెంటు గోడ, స్టేజికి ఇరవై మీటర్ల దూరం. శబ్దం పోయి రావడానికి నలభై మీటర్లు, అంటే సెకనులో దాదాపు ఎనిమిదో వంతు. బాఖ్‌కు అదేమంత ఇబ్బంది కాదు, సాగే స్వరాల్లో కలిసిపోతుంది. బ్లూస్‌లో మాత్రం చాలా ఇబ్బంది.

స్వింగ్ అంటే ఏమిటో పియానో ఆయన నాకు మన లెక్కలోనే చెప్పారు. ఒక దెబ్బను రెండు సమాన భాగాలు చేయకుండా, తిశ్రంలో తకిట అనుకుని, మొదటి అక్షరం, మూడో అక్షరం మాత్రమే వాయిస్తారు. త... ట, త... ట. నిమిషానికి 150 దెబ్బల వేగంలో ఒక్కో అక్షరానికి వచ్చేది సెకనులో ఏడున్నరో వంతు. గోడ నుంచి తిరిగొచ్చే చప్పుడు కూడా దాదాపు అంతే సమయానికి వస్తోంది. అంటే వాళ్లు ఖాళీగా వదిలేసిన రెండో అక్షరం, 'కి', మీద గోడ వచ్చి పడుతోంది. స్వింగ్ ప్రాణమంతా ఆ ఖాళీలోనే ఉంది. దాన్ని గోడ నింపేస్తోంది.

మా చిన్నమ్మ వాళ్లది కొత్తవాడ. వరంగల్ జంపఖానాలకు 2018లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది, నేసేది అక్కడే. దట్టమైన నూలు, బరువు, గట్టి నేత. పది పెద్ద జంపఖానాలు రెండు రోజులకు అడిగి తెచ్చాను. గోడకు అంటించి వేలాడదీస్తే పై స్వరాలు మాత్రమే తగ్గుతాయి. గోడకు, గుడ్డకు మధ్య అడుగు ఎడం ఉంచితే ఇంకా కింది దాకా, సుమారు 280 హెర్ట్జ్ దాకా పట్టు దొరుకుతుంది. గోడ దగ్గర గాలి కదలిక ఉండదు, ఎడం వచ్చే కొద్దీ పెరుగుతుంది, గుడ్డ ఆపేది ఆ కదలికనే. టెంట్ హౌస్ పైపులతో గోడ ముందు ఒక అడుగు దూరంలో ఫ్రేము కట్టించాను. మొదటి సగానికి జంపఖానాలు చుట్టి పైకి కట్టి ఉంచాం. విరామంలో తాళ్లు విప్పితే కిందికి దిగాయి. నలుగురు కుర్రాళ్లు, ఐదు నిమిషాలు.

ఎరుపు, నీలం చారలతో దిగిన ఆ జంపఖానాలను చూసి, కొందరు అది అలంకరణ అనుకుని ఫోటోలు తీసుకున్నారు.

మైకు విషయంలో చేసిన పొరపాటు

మొదటి సగానికి మైకు వద్దన్నప్పుడు నిర్వాహకుల్లో ఒకాయన చాలా టెన్షన్ పడ్డారు. "వెనక కూర్చున్నోళ్లకు వినబడకపోతే మాట పోతది" అన్నారు. ఆయన్ని రిహార్సల్‌లో చివరి వరుసలో కూర్చోబెట్టి, నేను పక్కన కూర్చున్నాను. దెబుస్సీ రెండో భాగంలో చెల్లో కమాను పక్కన పెట్టి వేళ్లతో మీటే చోట్లు చాలా ఉన్నాయి, అవి కూడా తెలిశాయి. ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

రెండో సగానికి చెల్లోకు రెండు మైకులు పెట్టాను. ఒకటి బ్రిడ్జి వెనక తీగలకు బిగించే చిన్న క్లిప్ మైకు, వేళ్లతో మీటేటప్పటికి. ఇంకోటి స్టాండు మీద, కొంచెం దూరంలో, కమానుతో వాయించేటప్పటికి. పియానోకు మైకు లేదు. స్పీకర్లు రెండూ స్టేజికి అటూ ఇటూ కాకుండా వాళ్ల దగ్గరగా, కొంచెం ముందు పెట్టాను. స్పీకర్ల శబ్దాన్ని 15 మిల్లీసెకన్లు ఆలస్యం చేశాను, చెల్లో అసలు గొంతు చెవికి ముందు చేరేలా. మన చెవి ముందు వచ్చిన శబ్దం ఎటునుంచి వచ్చిందో అటే మొత్తం శబ్దం ఉందనుకుంటుంది. స్పీకర్ మోగుతోందని తెలియకుండా చెల్లో మాత్రమే కొంచెం దగ్గరికి వచ్చినట్టుంటుంది.

అంతా బాగానే ఉంది కానీ గెర్ష్విన్ మొదలైనప్పుడు రెండు మైకులూ తెరిచే ఉంచాను. మీటడం నుంచి కమానుకు, కమాను నుంచి మీటడానికి మారినప్పుడు ఫేడర్లు (మిక్సర్ మీద శబ్దం పెంచే, తగ్గించే జారుడు మీటలు) ఎత్తడం దించడం తెలిసిపోతుందని భయపడ్డాను. పాట పైతీగ మీదికి ఎక్కగానే చెల్లో గొంతు సన్నబడి రేకులా అయిపోయింది. రెండు మైకుల మధ్య దూరం సుమారు ముప్పై ఐదు సెంటీమీటర్లు. అంటే ఒక శబ్దం రెండో మైకుకు ఒక మిల్లీసెకను ఆలస్యంగా చేరుతుంది. రెండూ కలిపితే 500 హెర్ట్జ్ దగ్గర ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. పైతీగ మీద ఆమె పాడించేది సరిగ్గా అక్కడే. స్టాండు మైకు ఫేడరు మెల్లగా దించాను, గొంతు తిరిగొచ్చింది. అప్పటికి రచనలో సగం అయిపోయింది. రిహార్సల్‌లో ఒక్కో మైకును విడివిడిగా చూశాను, రెండూ కలిపి పైతీగ మీద వినలేదు. ఆ మూడు నిమిషాల రచనలో నా వల్ల పోయిన ఒకటిన్నర నిమిషం వాళ్లకు తిరిగి ఇవ్వలేను.

కపుస్తిన్ రెండూ ఒక్క మైకుతోనే నడిపాను. ఎలిజీ చివర ఆమె కమాను తీగను దాదాపు తాకీ తాకనట్టు లాగినప్పుడు, ఏ చోక్ చప్పుడూ లేని ఆ హాల్లో అది నిలబడింది. మైకు అక్కర్లేకపోయినా వినబడేదేమో.

బ్లూస్

బ్లూస్ ముందు పియానో ఆయన చేతి మైకు తీసుకుని ఐదు నిమిషాలు మాట్లాడారు. స రి గ మ పాడి చూపిస్తూ, బ్లూస్‌లో ఎక్కువగా వాడే ఐదు స్వరాలు మన శుద్ధ ధన్యాసివే అన్నారు: స, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, ప, కైశికి నిషాదం. ముందు వరుసలో వయొలిన్ మాస్టారు ఒకరు శిష్యులతో వచ్చి కూర్చున్నారు, అందరూ ఒక్కసారి తలలూపారు. అయితే అసలు రుచి గాంధారంలో ఉందన్నారు. సాధారణ గాంధారం, అంతర గాంధారం, ఈ రెండింటి మధ్య ఎక్కడో తచ్చాడే స్వరం, బ్లూ నోట్. చెల్లోకు మెట్లు లేవు కాబట్టి ఆమె వేలు జార్చి గమకంలా పలికించగలరు. పియానోలో ఆ మధ్య స్వరమే లేదు. అందుకని ఆయన రెండు మీటలనూ దాదాపు ఒకేసారి, ఒకదాని మీది నుంచి ఇంకోదాని మీదికి వేలు దొర్లించి కొడతారు. ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు అదే స్వరాన్ని పలికించి చూపించారు. ఒకే మాటను రెండు ఊళ్లవాళ్లు రెండు యాసల్లో పలికినట్టుంది.

పన్నెండు బార్లు ఒక ఆవర్తనంలా తిరుగుతాయి. ఆమె మొదట బేస్ పాత్ర తీసుకున్నారు, దెబ్బకొక స్వరం చొప్పున మీటుతూ నడవడం. ఇక్కడ రిహార్సల్‌లో జరిగిన ఒక చిన్న చర్చ చెప్పాలి. అసలు బేస్ వాద్యం చెల్లో కంటే చాలా కిందికి పోతుంది, 41 హెర్ట్జ్ దాకా. దాని తీగ పొడుగు, మీటితే చాలాసేపు మోగుతుంది. చెల్లో తీగ పొట్టి, మీటిన స్వరం తొందరగా ఆరిపోతుంది. పియానో ఎడమచేయి అక్కడే ఆధార స్వరాలు కొడితే చెల్లో నడక మొత్తం మునిగిపోతుంది. నేను చెల్లో పెంచబోయాను. ఆయన చేయెత్తి ఆపి, "పెంచకండి, నేనే తప్పుకుంటాను" అన్నారు. ఎడమచేతిలో ఆధార స్వరం వదిలేసి, దాని నుంచి లెక్కిస్తే మూడో స్వరం, ఏడో స్వరం మాత్రం, అదీ కొంచెం పైన పట్టుకున్నారు. చెల్లో నడక అద్దంలా బయటికి వచ్చింది. నేను చేసిందల్లా 60 హెర్ట్జ్ కింద కోసేసి, క్లిప్ మైకు మీద కంప్రెషన్, అంటే గట్టి స్వరాలను కొంచెం అణిచేది, రెండుకు ఒకటి లెక్కన తేలిగ్గా పెట్టడమే.

జంపఖానాలు దిగి ఉన్నాయి, హాలు నిండుగా ఉంది. త... ట మధ్య ఖాళీ ఖాళీగానే వినిపించింది. నాలుగో ఆవర్తనంలో జనం చప్పట్లు మొదలెట్టారు, ఒకటి, మూడు దెబ్బల మీద. ఆయన వాయిస్తూనే తల అడ్డంగా ఊపి, రెండు, నాలుగు మీద పాదంతో తట్టి చూపించారు. ముందు వరుసలోని వయొలిన్ పిల్లలు మొదట పట్టుకున్నారు. ఒక ఆవర్తనం అయ్యేసరికి హాలంతా మారింది. అప్పుడు చెల్లో నడక చప్పట్లలో మునగడం మొదలైంది, ఆ సాయంత్రం మొత్తంలో నేను ఫేడరు కావాలని పైకి నెట్టింది అక్కడ ఒక్కసారే.

కచేరీ అయ్యాక ట్యూనర్ పెద్దాయన పియానో మూత వేయకముందే మధ్య సప్తకం మీటి చూసుకున్నారు. ఏసీ పన్నెండు గంటలు నడిచింది. కొద్దిగా కదిలిందన్నారు, తనకు తప్ప ఎవరికీ తెలియనంత.

పోయిన నెల అదే హాల్లో ఒక వీణ కచేరీకి వెళ్లాను. పెట్టెలు దించకముందే ఎడమ వింగ్‌లోకి వెళ్లి పార్టిషన్‌కు చెంప ఆనించాను. చోక్ ఇంకా అక్కడే ఉంది. ఎలక్ట్రీషియన్ నన్ను చూసి ఏమీ అడగలేదు, స్విచ్ బంద్ చేసి, బ్యాటరీ లైటు తేవడానికి లోపలికి పోయాడు.